సూది మందు ఎప్పుడు వేశారు?

(ఆమదాలవలసలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను స్త్రీల ఆరోగ్య హక్కు గురించి మాట్లాడమని పిలిచారు. అంత పెద్ద మాట జోలికి పోకుండా ఇవాళ ఒక్క సూది మందు గురించి మాట్లాడతాను. ఆపరేషన్ బల్ల మీద మనకి వేసే సూది, లేదా వెయ్యకుండా వదిలేసే సూది.

పొద్దున్న రైలు దిగి స్టేషన్లో కాసేపు ఆగాను. ఊరు ఆమదాలవలస, బోర్డు మీద మాత్రం శ్రీకాకుళం రోడ్. విశాఖ వెళ్ళే బండి కోసం కూర్చున్నవాళ్ళలో ఎక్స్‌రే కవర్లూ, మందుల చీటీలున్న ప్లాస్టిక్ సంచులూ పట్టుకున్న ఆడవాళ్ళు నలుగురైదుగురు వున్నారు. ఇది మీకు రోజూ కనిపించే దృశ్యమే. ఒకామెతో మాట కలిపాను. గర్భసంచి తీయించుకుని పద్దెనిమిది రోజులయిందట. కుట్ల దగ్గర చీము పట్టింది, జ్వరం తగ్గడం లేదు, కె.జి.హెచ్.లో చూపించుకుందామని బయల్దేరింది. పక్కన తల్లి తప్ప ఎవరూ లేరు. భర్త చెన్నైలో తాపీపనికి వెళ్ళాడు. ఎక్కడ చేయించుకున్నావమ్మా అని అడిగితే ఆసుపత్రి పేరు చెప్పి, నేనేమీ అనకముందే తనే అంది: "ఆల్లదేటి తప్పమ్మా, నాదే తప్పు. పదో నాడు ఆకలికి తాళలేక పప్పు ఏసుకుని తినీసినాను."

మీలో కొందరు నవ్వుతున్నారు. కొందరు తలూపుతున్నారు. పప్పు తింటే చీము పడుతుందనీ, వంకాయ తింటే కుట్లు దురద పెడతాయనీ, పులుపు తింటే పుండు మానదనీ మన ఇళ్ళల్లో అత్తగార్లు, అమ్మలు చెబుతూనే వుంటారు. వాళ్ళు ప్రేమతోనే చెబుతారు. కానీ ఈ పథ్యం ఏం చేస్తుందో చూడండి. కోసిన కండ మళ్ళీ అతుక్కోవడానికి మాంసకృత్తులు కావాలి. పేదింట్లో అవి దొరికేది పప్పులోనే, మహా అయితే గుడ్డులో. ఆ రెంటినీ మాన్పించి, కారప్పొడి మెతుకులు పెట్టి, తీరా పుండు మానకపోతే, నువ్వే పథ్యం తప్పావంటాం.

ఆసుపత్రిలో పప్పు మాట ఎత్తరు. అక్కడి మాటలు వేరు. శుభ్రంగా వుండలేదు, మాత్రలు సరిగ్గా వేసుకోలేదు, బిందె ఎత్తింది, తొందరపడి మొగుడి దగ్గరికెళ్ళింది. ఇంట్లోవాళ్ళకీ డాక్టరుకీ ఏ విషయంలోనూ పొత్తు కుదరదు గానీ, ఈ ఒక్క విషయంలో కుదురుతుంది: ఇన్ఫెక్షన్ వస్తే తప్పు ఆమెది. ఆపరేషన్ థియేటర్లో ఆ రోజు ఏం జరిగిందని ఎవరూ అడగరు. ఆమె కూడా అడగదు.

నేను డాక్టర్ని కాను. సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. అయినా ఇరవై ఏళ్ళుగా ఆడవాళ్ళు తమ ఆపరేషన్ల గురించి చెప్పిన కథలు వింటూ, అర్థం కానివి డాక్టర్లని అడుగుతూ, వాళ్ళు చదివే పత్రికల్ని నేనూ చదువుతూ వచ్చాను. అలా తెలుసుకున్నది చెబుతాను.

ఆపరేషన్ తర్వాత చీము పట్టించే క్రిములు రెండు దారుల్లో వస్తాయి. ఒకటి బయటినుంచి: సరిగ్గా ఉడకని పనిముట్లు, కడగని చేతులు, ఒకరికి వాడి ఇంకొకరికి వాడిన గొట్టాలు. రెండోది మన ఒంట్లోంచే: చర్మం మీదా, యోనిలోనూ ఎప్పుడూ కొన్ని క్రిములు కాపురముంటాయి. అక్కడున్నంతసేపు వాటివల్ల హాని లేదు. గర్భసంచి తీసేటప్పుడు యోని పైభాగాన్ని కోస్తారు. అప్పుడు ఆ క్రిములకి కడుపులోకి దారి దొరుకుతుంది. సిజేరియన్లో కూడా, ముఖ్యంగా నొప్పులు మొదలై ఉమ్మనీరు పోయాక చేస్తే, అదే జరుగుతుంది. ఎంత శుభ్రమైన థియేటర్లో చేసినా ఈ ప్రమాదం కొంత వుంటుంది కాబట్టి ఈ రెండు ఆపరేషన్లకీ ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ అవసరం. లాపరోస్కోపుతో చేసే ట్యూబెక్టమీ సంగతి వేరు. అందులో యోనినీ కొయ్యరు, పేగునీ కొయ్యరు. పనిముట్టు శుభ్రంగా వుంటే అసలు యాంటీబయాటిక్కే అక్కర్లేదని అమెరికా గైనకాలజిస్టుల సంఘం కూడా చెబుతుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

అవసరమైన ఆపరేషన్లకి ఎప్పుడివ్వాలి? ఇది తేలి అరవై ఏళ్ళు దాటింది. 1961లో బోస్టన్లో జాన్ బర్క్ అనే సర్జను గినీ పందుల మీద పరీక్షించి చూశాడు. క్రిములు కండలోకి చేరేముందే మందు రక్తంలో వుంటే పుండు పట్టలేదు. మూడు గంటలు ఆలస్యంగా ఇస్తే ఇచ్చినా ఇవ్వనట్టే. మనుషుల సంగతి 1992లో అమెరికాలోని సాల్ట్‌లేక్ సిటీలో తేల్చారు. 2,847 మంది రోగుల్ని గమనించారు. కోతకు ముందు రెండు గంటల లోపల మందు పడినవాళ్ళలో పుండు పట్టింది 0.6 శాతానికి. కోత అయిన మూడు గంటలు దాటాక పడినవాళ్ళలో 3.3 శాతానికి. అదే మందు, అదే ఆసుపత్రి, గడియారం మాత్రమే తేడా. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని మన పెద్దవాళ్ళు అన్నది దీన్నే.

సిజేరియన్ విషయంలో 95 పరీక్షల ఫలితాల్ని, అంటే 15 వేలకు పైగా స్త్రీల అనుభవాన్ని, కలిపి చూశారు. ముందుజాగ్రత్త యాంటీబయాటిక్ ఇచ్చినవాళ్ళలో పుండు పట్టడం, గర్భసంచి వాపు, ప్రాణం మీదికి తెచ్చే ఇన్ఫెక్షన్లు మూడింట రెండు వంతుల దాకా తగ్గాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన సూచనల్లో రెండు మాటలు స్పష్టంగా వున్నాయి: మందు కోతకు ముందే పడాలి, ఆపరేషన్ అయిపోయాక దాన్ని పొడిగించకూడదు. సాధారణంగా సెఫజోలిన్ అనే మందు, ఒక్క మోతాదు, నరానికి. ఆపరేషన్ బాగా సాగినా, రక్తం ఎక్కువ పోయినా ఇంకో మోతాదు. అంతే.

ఇప్పుడు మీ అనుభవం చెప్పండి. మన ఊళ్ళల్లో ఏం జరుగుతోంది? ఆపరేషన్ అయ్యాక మూడు రోజులో అయిదు రోజులో రెండు మూడు రకాల సూదులు. ఇంటికెళ్ళేటప్పుడు వారానికి సరిపడా మాత్రలు. అన్నీ వుంటాయి. కోతకు ముందు పడాల్సిన ఆ ఒక్క సూది పడిందో లేదో, పడితే ఎన్నింటికి పడిందో కాగితం మీద వుండదు. మేం చూసిన డిశ్చార్జి కాగితాల్లో చాలావాటిలో ఆ గడే లేదు.

ఎందుకిలా? కంపెనీల లాభాలని మనం వెంటనే అంటాం. ఆ మాట అబద్ధం కాదు. ఆసుపత్రి గుమ్మంలోనే మందుల షాపు వున్నచోట ఒక్క సూదితో సరిపెట్టమనడం యజమానికి రుచించదు. కానీ అంతటితో ఆగితే సగమే చెప్పినట్టు. చిన్న పట్నంలో నర్సింగ్‌హోం నడిపే ఒక డాక్టరమ్మ నాతో ఉన్నమాట చెప్పింది. "ఒక డోసు చాలని నాకూ తెలుసండీ. నా ఆటోక్లేవ్ మీద నాకే నమ్మకం లేదు. మధ్యలో కరెంటు పోతుంది, వున్న ఒక్క నర్సూ అటెండరు పని కూడా చేస్తుంది. అందుకే ఏడు రోజులు రాస్తాను." ఆమె నిజాయితీని నేను గౌరవిస్తాను. కానీ ఆమె మాటకి అర్థమేమిటో ఆలోచించండి. థియేటర్లో చెయ్యాల్సిన శుభ్రం అక్కడ చెయ్యకుండా, ఆ పనిని మాత్రల రూపంలో ఆడమనిషి చేతిలో పెట్టి ఇంటికి పంపిస్తున్నారు. ఆ మాత్రలు ఆసుపత్రిలో మొదలైన అపరిశుభ్రానికి మందు కావు, దానికి కప్పిన గుడ్డ. మాత్ర వేసుకున్నాక కూడా చీము పడితే ఇక ఆమెదే బాధ్యత.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మాత్రలు మానెయ్యమని నేను చెప్పడం లేదు. ముందుజాగ్రత్త వేరు, వచ్చిన ఇన్ఫెక్షన్‌కి వైద్యం వేరు. చీము పట్టాక, జ్వరం వచ్చాక డాక్టరు రాసిన మందు పూర్తిగా వాడాల్సిందే. స్టేషన్లో ఆమెలాగా మధ్యలో డబ్బుల్లేక ఆపేస్తే ప్రమాదం. నేనడిగేదల్లా, ఇది ముందుజాగ్రత్తా, వైద్యమా అని డాక్టర్ని అడిగి తెలుసుకునే హక్కు మనకుందని.

యాంటీబయాటిక్కుల్ని తిట్టడానికి కూడా నేను రాలేదు. బాలింత జ్వరంతో చచ్చిపోయిన మన ముత్తవ్వల లెక్క ఎవరూ రాసిపెట్టలేదు. ఆ చావుల్ని ఆపడంలో మన తెలుగువాడి చెయ్యి కూడా వుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనాశాలకి నాయకత్వం వహించినప్పుడే 1948లో ఆరియోమైసిన్ బయటికొచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటి మందు. ఇవాళ మన జిల్లాలోనే పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీలున్నాయి. మందు మనకి దూరం కాదు. అది ఎవరికి, ఎప్పుడు, ఎందుకు ఇస్తున్నారనే తెలివిడి మాత్రం మన దాకా రానివ్వలేదు.

మందుల ఊరు అనగానే స్త్రీల ఉద్యమంలో వున్నవాళ్ళకి పటాన్‌చెరు గుర్తుకు రాక తప్పదు. హైదరాబాదు పక్కన ఆ వూళ్ళోనే 1980ల్లో నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూదిని సరైన సమాచారం చెప్పకుండా పేద స్త్రీల మీద పరీక్షించబోతే స్త్రీశక్తి సంఘటన అడ్డంపడింది. 1986లో సహేలీ మొదలైన సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకి వెళ్ళింది. "ఏం సూది వేస్తున్నారు?" అని అడిగే అలవాటు మనకి అక్కణ్ణించి వచ్చింది. అదే పటాన్‌చెరులో మందుల కంపెనీల మురుగునీటిని శుద్ధిచేసే కేంద్రం నుంచి వదిలే నీళ్ళలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ వుందని 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు బయటపెట్టారు. క్రిములు ఆ నీళ్ళలో మందుకి అలవాటుపడి మొండికేస్తాయి. రేపు మనకి నిజంగా అవసరమైన రోజున ఆ మందు పనిచెయ్యదు. అక్కర్లేని మాత్ర మింగడం కూడా అదే పని చేస్తుంది, మన ఒంట్లో.

ఈ సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రే 2014లో దేశమంతా వార్త అయింది. ఆ ఏడాది నవంబరు 8న మన పొరుగునే వున్న ఛత్తీస్‌గఢ్‌లో, బిలాస్‌పూర్ దగ్గర మూతపడిన ఆసుపత్రి భవనంలో ట్యూబెక్టమీ శిబిరం పెట్టారు. ఒక్క సర్జను, కొద్ది గంటల్లో, 83 మందికి ఆపరేషన్ చేశాడు. అందరికీ ఒకే లాపరోస్కోపు. అదే ఏడాది జనవరిలో, 50 వేల ఆపరేషన్లు చేసినందుకు ఆయన్ని రాష్ట్ర ప్రభుత్వం సత్కరించింది. 83 మందిలో 13 మంది చనిపోయారు. ఇంటికి పంపేటప్పుడు అందరికీ యాంటీబయాటిక్ మాత్రలిచ్చారు, ఆ సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రల్లో ఎలుకల మందు కలిసిందని ప్రభుత్వం అంది. డాక్టరూ మాత్రలదే తప్పన్నాడు. శవపరీక్షల్లో ఒంట్లో విషజ్వరం పాకిన గుర్తులు కనిపించాయి. మాత్రల సంగతి ఎలా తేలినా, ఒక్క పనిముట్టుతో 83 కడుపులు తెరవడానికి అది జవాబు కాదు.

చిన్న లెక్క వేద్దాం. లాపరోస్కోపుని ఒకరికి వాడాక ఇంకొకరికి వాడేముందు గ్లుటరాల్డిహైడ్ ద్రావణంలో, మన ఆసుపత్రుల్లో సైడెక్స్ అంటారు, కనీసం 20 నిమిషాలు నానబెట్టాలి. తర్వాత శుభ్రమైన నీళ్ళతో కడగాలి. 83 మందికి ఒకే గొట్టమైతే నానబెట్టడానికే 27 గంటలు దాటుతుంది. అందుకే ఒక లాపరోస్కోపుతో రోజుకి పదికి మించి చెయ్యకూడదనీ, ఒక బృందం 30కి మించి చెయ్యకూడదనీ కేంద్ర ప్రభుత్వ నిబంధన. ఈ లెక్కకి డాక్టరీ చదువు అక్కర్లేదు. డ్వాక్రా పద్దు రాసే ఏ మహిళైనా వెయ్యగలదు.

బిలాస్‌పూర్ మనది కాదు గదా అనుకుంటే, ఇబ్రహీంపట్నం మనదే. 2022 ఆగస్టు 25న తెలంగాణలో రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒక్కరోజు శిబిరంలో 34 మందికి లాపరోస్కోపుతో ట్యూబెక్టమీ చేశారు. నాలుగైదు రోజుల్లో నలుగురు చనిపోయారు. అందరూ చిన్నపిల్లల తల్లులు. మిగతా 30 మందిని హైదరాబాదుకి తరలించి నిమ్స్‌లోనూ, అపోలోలోనూ చేర్చాల్సివచ్చింది. విచారణలో తేలింది ఇన్ఫెక్షనే, శుభ్రతా నియమాలు పాటించకపోవడమే. ఆసుపత్రి సూపరింటెండెంటు మీద, సర్జను మీద, ఇంకా పలువురి మీద చర్యలు తీసుకున్నారు. ఒక్కొక్క కుటుంబానికి 5 లక్షల రూపాయలు, ఇల్లు, పిల్లల చదువు ప్రకటించారు.

ఈ ఘటనలో కార్యకర్తలుగా మనం నేర్చుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. ఆ స్త్రీలకి కనిపించింది కుట్ల దగ్గర చీము కాదు. వాంతులు, విరేచనాలు. మొదట్లో అధికారులు కూడా దాన్ని జీర్ణకోశ వ్యాధి లక్షణాలుగానే చెప్పారు. ఇంట్లోవాళ్ళు ఏమనుకుంటారు? తిన్నది పడలేదనుకుంటారు. ఆర్.ఎం.పి. ఒక సెలైన్ ఎక్కిస్తాడు. ఒకరోజు పోతుంది. లోపల విషం పాకినప్పుడు ఆ ఒక్కరోజే ప్రాణం. కాబట్టి ఏ ఆపరేషన్ తర్వాతైనా వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే, నొప్పి రోజురోజుకీ తగ్గాల్సింది పోయి పెరిగితే, కడుపు ఉబ్బితే, చలిజ్వరం వస్తే, దుర్వాసనతో తెల్లబట్ట అయితే, మూత్రం తగ్గిపోతే, మనిషి మాట తేడాగా వుంటే, అది పథ్యం సంగతి కాదు. ఆపరేషన్ చేసినచోటికి, కాకపోతే జిల్లా ఆసుపత్రికి, అదే రాత్రి తీసుకెళ్ళాలి. ఆశాలకి ఇది నేను చెప్పక్కర్లేదు, కానీ అత్తగార్లకి మీరే చెప్పాలి. చీము ముప్ఫై రోజుల దాకా ఎప్పుడైనా పట్టొచ్చు. మన చూపులు మూడో రోజుతో ఆగిపోతున్నాయి.

అసలు ఆ శిబిరమే జరగకూడదు. రమాకాంత్ రాయ్ కేసులో 2005లోనే సుప్రీంకోర్టు ఈ ఆపరేషన్లకి అర్హులైన డాక్టర్ల జాబితాలు, తనిఖీ పట్టికలు, నష్టపరిహారం వుండాలంది. తర్వాత దేవికా బిశ్వాస్ కేసులో 2016 సెప్టెంబరు 14న, 2010 నుంచి 2013 దాకా ఈ ఆపరేషన్ల వల్ల 363 మంది చనిపోయారన్న లెక్కని తీర్పులో పెట్టి, మూడేళ్ళలో శిబిరాలు ఆపెయ్యమంది. మూడేళ్ళంటే 2019. ఇబ్రహీంపట్నం శిబిరం 2022లో.

ఈ బరువంతా ఎవరి మీద పడుతోంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయి, 15-49 ఏళ్ళ మధ్య వయసున్న స్త్రీలలో 69.6 శాతం ట్యూబెక్టమీ చేయించుకున్నారు. మగవాళ్ళ ఆపరేషన్ నూటికి ఒకటి కూడా లేదు. అది ఇంకా సులువు, కడుపు కొయ్యక్కర్లేదు. "పనికెళ్ళే మడిసి, నీరసం వచ్చీసిద్ది" అంటారు. ఆమె వెళ్ళేది పనికి కాదేమో! అదే సర్వేలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు మన రాష్ట్రంలో 8.7 శాతం, దేశం మొత్తం మీద 3.3 శాతం. దేశంలో ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. మన రాష్ట్రంలో సిజేరియన్లు నూటికి 42. ఇంతమంది కడుపులు తెరుస్తున్న రాష్ట్రంలో, రక్తహీనత వున్న స్త్రీలు 58.8 శాతం. రక్తం లేని ఒంట్లో పుండు మానడం కష్టం. అంటే ఇన్ఫెక్షన్ నివారణ థియేటర్లో కూడా కాదు, అంతకు నెల ముందే మొదలు కావాలి.

అన్నిటికన్నా మంచి నివారణ, అక్కర్లేని ఆపరేషన్ చెయ్యకపోవడం. తెల్లబట్ట అవుతోందనీ, కాన్సర్ వస్తుందనీ భయపెట్టి ముప్ఫైల్లోనే గర్భసంచి తీసెయ్యడం మీద మెదక్ జిల్లాలో డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ వింజమూరి ప్రకాష్ ఏళ్ళ తరబడి పనిచేశారు. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. పేదవాళ్ళకి గుండె ఆపరేషన్లు చేయించిన ఆ పథకమే గర్భసంచుల్ని కూడా కొల్లగొట్టే దారి అవుతోందని గొడవ జరిగాక నియంత్రించాల్సివచ్చింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అనవసర గర్భసంచి ఆపరేషన్లని అరికట్టే మార్గదర్శకాల్ని అమలు చెయ్యమని అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. ఇది వేరే ప్రసంగానికి సరిపడే విషయం. ఇక్కడ ఆపుతాను.

మన జిల్లాకే ప్రత్యేకమైన ఒక ప్రమాదం గురించి మాత్రం చెప్పి తీరాలి. ఉద్దానం నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ చాలామంది కనిపిస్తున్నారు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఎంతమంది మూత్రపిండాలు దెబ్బతిని బతుకుతున్నారో మీకు తెలుసు. జబ్బు ముదిరే దాకా బయటపడదు కూడా. జెంటామైసిన్ అనే చవక సూది మందు మూత్రపిండాలకి హాని చేస్తుంది. నొప్పికిచ్చే డైక్లోఫెనాక్ కూడా అంతే. రెండూ కలిపి అయిదు రోజులిస్తే, అప్పటికే సగం పాడైన మూత్రపిండాలేమవుతాయి? ఉద్దానం స్త్రీకి క్రియాటినిన్ పరీక్ష చెయ్యకుండా ఏ ఆపరేషన్‌కీ ఒప్పుకోవద్దు. "మా ఊళ్ళో కిడ్నీ జబ్బులున్నాయి" అని ఆమె తనే చెప్పాలి. పెన్సిలిన్ పడని మనిషైతే అదీ చెప్పాలి.

ఇంకొకటి. మీకు సిగ్గనిపించినా చెబుతాను. ఆపరేషన్‌కి ముందురోజు ఆయా వచ్చి, వార్డులో అందరి ముందూ, బ్లేడుతో గొరుగుతుంది. ఎన్ని కథలు విన్నానో దీని గురించి! "కోత కన్నా అదే బాధ" అంది ఒకామె. ఈ గొరగడం అక్కర్లేదు. బ్లేడు చేసే కంటికి కనపడని గాట్లలో క్రిములు చేరి ఇన్ఫెక్షన్ పెరుగుతుంది. వెంట్రుకలు అడ్డం వస్తే క్లిప్పరుతో కత్తిరించాలే తప్ప బ్లేడు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన మర్యాదా, మన ఆరోగ్యమూ ఒకే మాట చెప్పే సందర్భాలు ఇలాంటివి చాలా వున్నాయి. ముందురోజు సబ్బుతో ఒళ్ళు కడుక్కుంటే చాలు.

వలస గురించి కూడా ఆలోచించాలి. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ చుట్టుపక్కల పనులు లేక జనం హైదరాబాదు, చెన్నై, విశాఖ పోతున్నారని మీరే చెప్పారు. అక్కడ ఆపరేషన్ చేయించుకుని, పచ్చి ఒంటితో రైలెక్కి పుట్టింటికి వస్తారు. చీము ఇక్కడ పడుతుంది. ఇక్కడి డాక్టరుకి అక్కడ ఏం చేశారో తెలీదు, ఏ యాంటీబయాటిక్ వాడారో తెలీదు, మళ్ళీ మొదటినుంచి ఇంకో మందు. అక్కడి ఆసుపత్రి లెక్కలో ఆమె ఆరోగ్యంగా ఇంటికెళ్ళిన మనిషి. ఇలాంటివాళ్ళ పేర్లు ఏ రిజిస్టర్లోనూ ఎక్కవు. మీ సంఘాలు ఒక నోటుపుస్తకం పెట్టి రాయడం మొదలుపెడితే, ఏడాదికి ఈ మండలంలో ఎంతమందో మనకైనా తెలుస్తుంది.

ఇక కాగితం సంగతి. ప్రభుత్వం చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌లో మనిషి పోయినా, చిక్కులొచ్చినా కుటుంబ నియంత్రణ నష్టపరిహార పథకం కింద డబ్బు రావాలి. డిశ్చార్జి అయిన 60 రోజుల లోపు వచ్చే చిక్కుల వైద్యఖర్చుకి కూడా అది వర్తిస్తుంది. కానీ అంగీకార పత్రం, ఆపరేషన్ సర్టిఫికెట్టు, డిశ్చార్జి కాగితం చేతిలో లేకపోతే ఆఫీసు గుమ్మం కూడా దాటనివ్వరు. ప్రైవేటులో గర్భసంచి తీయించుకున్నవాళ్ళకి ఈ పథకం లేదు. వాళ్ళకి మిగిలింది వినియోగదారుల కమిషను, అక్కడా కాగితమే అడుగుతారు. భారత వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం, రోగి గానీ ఆమె అధికారమిచ్చినవాళ్ళు గానీ అడిగితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలి. మూడేళ్ళ దాకా వాటిని డాక్టరు భద్రపరచాలి. బతిమాలక్కర్లేదు. తెల్లకాగితం మీద రాసి, నకలు మీద సంతకం, తేదీ తీసుకుంటే చాలు.

స్టేషన్లో ఆమె సంచి తీసి చూపించింది. మందుల బిల్లులు పదకొండు వున్నాయి. ఆపరేషన్ కాగితం ఒక్కటీ లేదు. ఆమె బండెక్కి వెళ్ళిపోయింది. ఆమె వూరు ఇక్కడికి దగ్గరే. ఆమె చేత సంతకం పెట్టించుకుని ఆసుపత్రికి వెళ్తామని మీలో ఇద్దరు ఇందాక టీ తాగేటప్పుడు అన్నారు. వెళ్ళినప్పుడు డాక్టరుతో దెబ్బలాటకి దిగకండి. మూడు సంగతులు రాసిమ్మని అడగండి: యాంటీబయాటిక్ ఎన్నింటికి వేశారు, కోత ఎన్నింటికి పెట్టారు, ఆ రోజు ఆమె ఎన్నో నంబరు.